లెబనాన్‌లో స్త్రీవాద, క్వీర్ ఉద్యమాలు: అంతర్యుద్ధం తర్వాత

లెబనాన్‌లో 1975 నుంచి 1990 వరకు సాగిన అంతర్యుద్ధం ముగిశాక స్త్రీల హక్కుల కోసం, స్వలింగ ప్రియులు, బైసెక్సువల్, ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల కోసం పుట్టిన ఉద్యమాలు ఈ వ్యాస విషయం. మధ్యధరా సముద్రం ఒడ్డున ఉన్న ఈ దేశ విస్తీర్ణం 10,452 చదరపు కిలోమీటర్లు, అంటే ఉమ్మడి తూర్పు గోదావరి జిల్లా కన్నా కొంచెం తక్కువ. ఆ కాస్త చోటులో ప్రభుత్వం గుర్తించిన మతవర్గాలు 18 ఉన్నాయి. పెళ్లి, విడాకులు, మనోవర్తి, పిల్లల సంరక్షణ వాటి న్యాయస్థానాల చేతుల్లోనే ఉంటాయి. అందువల్ల ఒక స్త్రీ విడాకులు అడిగినా, వేర్వేరు మతాల జంట పెళ్లి చేసుకోవాలనుకున్నా, ఇద్దరు మగవాళ్లు కలిసి బతకాలనుకున్నా ఆ విషయం ఇంటిగోడల మధ్య ఆగదు. మతవర్గాల మధ్య రాజ్యాధికారం ఎలా పంచుకున్నారన్న ప్రశ్న దాకా వెళ్తుంది. ఈ రెండు ఉద్యమాలను కలిపి చదవవలసిన కారణం ఇదే.

పదాలు, పరిధి

మతవర్గాన్ని అరబ్బీలో 'తాయిఫా' అంటారు. పదవులను, హక్కులను తాయిఫాల లెక్కన పంచే పద్ధతికి 'తాయిఫియ్యా' అని పేరు. స్వలింగ ప్రియులను కించపరిచే వాడుక మాట 'షాజ్'. దారి తప్పినవాడు, వికృతుడు అన్న అర్థాలు అందులో ఉన్నాయి. దానికి బదులుగా 2000ల నుంచి కార్యకర్తలు 'మిస్లీ' అన్న మాటను ప్రచారంలోకి తెచ్చారు. 'తనలాంటి వారిని ఇష్టపడేవారు' అని దాని భావం. పత్రికలు, టీవీ చానెళ్లు ఈ మాటను మెల్లగా అందుకోవడం ఉద్యమం తొలి దశలో సాధించిన ఫలితాల్లో ఒకటి. చట్టాల కన్నా ముందు మాట మారింది. 'క్వీర్' అన్న మాటను లిపి మార్చి అలాగే వాడేవారూ ఉన్నారు. ఈ వ్యాసంలో దాన్ని మొత్తం సమూహానికి గుర్తుగా వాడాం.

చట్టాల అమరిక

స్వాతంత్ర్యం వచ్చిన 1943లో కుదిరిన జాతీయ ఒప్పందం అలిఖితమైనది. దాని ప్రకారం దేశాధ్యక్షుడు మారోనైట్ క్రైస్తవుడు, ప్రధాని సున్నీ ముస్లిం, పార్లమెంటు స్పీకరు షియా ముస్లిం అయివుండాలి. చట్టసభలో క్రైస్తవులకు, ముస్లింలకు 6:5 నిష్పత్తిలో స్థానాలు ఉండేవి. దీనికి ఆధారమైన జనాభా లెక్కలు 1932 నాటివి. ఆ తర్వాత ఇప్పటిదాకా అధికారిక జనగణన జరగలేదు. యుద్ధాన్ని ముగించిన 1989 నాటి తాయిఫ్ ఒప్పందం నిష్పత్తిని సగం సగంగా మార్చింది గానీ వాటాల పద్ధతిని తీసివేయలేదు. 1991లో వచ్చిన క్షమాభిక్ష చట్టంతో మిలీషియాల అధిపతులు విచారణను తప్పించుకుని మంత్రులుగా, పార్టీ నాయకులుగా స్థిరపడ్డారు.

కుటుంబ చట్టాల మూలాలు ఇంకా వెనక్కి వెళ్తాయి. 1936లో ఫ్రెంచ్ మాండేట్ పాలన ఇచ్చిన 60వ నంబరు ఉత్తర్వు మతవర్గాలను అధికారికంగా గుర్తించి, ఎవరి వ్యక్తిగత చట్టం వారికి వర్తిస్తుందని స్థిరపరిచింది. ప్రస్తుతం ఇలాంటి చట్టాలు 15 ఉన్నాయి. వీటి మధ్య తేడా మాటల్లో చెప్పడం కన్నా పిల్లల సంరక్షణలో చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది. తల్లిదండ్రులు విడిపోతే షియాల జాఫరీ చట్టం ప్రకారం కొడుకు 2 ఏళ్ల వరకు, కూతురు 7 ఏళ్ల వరకు తల్లి దగ్గర ఉంటారు. సున్నీలలో 2011 సవరణ తర్వాత ఇద్దరికీ 12 ఏళ్లు. గ్రీక్ ఆర్థడాక్స్ వర్గంలో కొడుక్కి 14, కూతురికి 15. ఒకే వీధిలో ఉండే ముగ్గురు తల్లులకు మూడు చట్టాలు. వారసత్వం విషయంలో ముస్లిమేతరులకు 1959 నుంచి స్త్రీపురుష సమానత్వం ఉన్న పౌర చట్టం ఉంది, ముస్లింలకు షరియా నియమాలు వర్తిస్తాయి. కూతుళ్లు మాత్రమే ఉన్న సున్నీ తండ్రులు కొందరు ఆస్తి తమ సోదరులకు పోకుండా పూర్తిగా కూతుళ్లకే దక్కాలని కాగితాల మీద షియాలుగా మారడం లెబనాన్‌లో అందరికీ తెలిసిన ఉపాయం.

ఈ అమరికను మానవ శాస్త్రజ్ఞురాలు మాయా మిక్దాషీ తన 2022 నాటి పుస్తకంలో 'సెక్స్‌టేరియనిజం' అన్న కొత్త పదంతో వివరించారు. లింగ భేదం, మతవర్గ భేదం అక్కడ రెండు వేర్వేరు వ్యవస్థలు కావనీ, రాజ్యం పౌరులను లెక్కించేటప్పుడు రెండింటినీ కలిపే లెక్కిస్తుందనీ ఆమె వాదన.

యుద్ధానికి ముందు

రాజధాని బేరూత్‌లో స్త్రీల ఉద్యమానికి వందేళ్ల చరిత్ర ఉంది. 1927లో అన్బరా సలామ్ బహిరంగ సభలో ముసుగు తీసి ప్రసంగించారు. మరుసటి ఏడాది నజీరా జైనుద్దీన్ అనే యువతి మతగ్రంథాల ఆధారంతోనే ముసుగును ప్రశ్నిస్తూ రాసిన పుస్తకం పెద్ద వివాదమైంది. 1952–53లో స్త్రీలకు ఓటు హక్కు వచ్చింది. 1963లో మిర్నా బుస్తానీ తండ్రి మరణంతో ఖాళీ అయిన స్థానం నుంచి తొలి మహిళా సభ్యురాలిగా చట్టసభలో అడుగుపెట్టారు. న్యాయవాది లోర్ మొఘైజెల్, లెబనాన్ మహిళా హక్కుల సంఘానికి చెందిన లిండా మతర్ ఈ తరంలో ముఖ్యులు. భర్త అనుమతి లేకుండా స్త్రీ విదేశాలకు ప్రయాణించే హక్కు 1974లో వచ్చింది. ఏడాది తిరగకుండానే యుద్ధం మొదలైంది.

యుద్ధకాలం, గల్లంతైనవారి కుటుంబాలు

యుద్ధంలో మరణించినవారి సంఖ్యను సాధారణంగా లక్షా ఇరవై వేల నుంచి లక్షన్నర దాకా చెబుతారు. గల్లంతైనవారు 17,000 మంది అన్న లెక్క విస్తృతంగా వాడుకలో ఉంది. సైనిక చరిత్రల్లో స్త్రీల పేర్లు అరుదుగా కనిపిస్తాయి. నిజానికి యుద్ధానికి ఎదురు నిలిచిన అత్యంత పట్టుదలగల ఉద్యమం స్త్రీలదే.

1982 సెప్టెంబరులో వదాద్ హల్వానీ భర్తను ఇంటి నుంచి పట్టుకుపోయారు. తనలాంటివారు ఇంకెవరైనా ఉంటే రమ్మని ఆమె రేడియో ద్వారా పిలుపు ఇచ్చారు. అనుకున్న చోటికి వందల మంది స్త్రీలు వచ్చారు. అపహరణకు గురైనవారి, గల్లంతైనవారి కుటుంబాల కమిటీ అలా పుట్టింది. అందులో అన్ని మతవర్గాల తల్లులు, భార్యలు, అక్కచెల్లెళ్లు ఉన్నారు. మిలీషియాలు బేరూత్‌ను తూర్పు, పడమరలుగా చీల్చిన 'హరిత రేఖ'ను దాటి వీళ్లు ఒకరినొకరు కలుసుకునేవారు. యుద్ధం ముగిశాక జరిగినదంతా మరిచిపొమ్మని ప్రభుత్వం చెప్పింది. మా మనుషులు బతికున్నారో లేదో చెప్పకుండా మరవడం ఎలాగని వీళ్లు అడిగారు. 2005 నుంచి నగర మధ్యంలోని ఒక తోటలో గుడారం వేసి ఏళ్ల తరబడి కూర్చున్నారు. తెలుసుకునే హక్కును గుర్తిస్తూ 105వ నంబరు చట్టం 2018 నవంబరులో వచ్చింది. తొలి పిలుపు నుంచి చట్టం దాకా 36 ఏళ్లు పట్టింది. ఎదురుచూస్తూనే కన్నుమూసిన తల్లులు ఎందరో. మతవర్గం అడగకుండా బాధ పునాదిగా కూడటం అన్న పద్ధతిని తర్వాతి స్త్రీవాద, క్వీర్ సంఘాలన్నీ ఏదో ఒక మేరకు వీరి నుంచే నేర్చుకున్నాయి.

ఇదే కాలంలో ఇమాన్ ఖలీఫా 1984 మే 6న శాంతి యాత్రకు పిలుపునిచ్చారు. షెల్లింగ్ ఉద్ధృతం కావడంతో యాత్రను రద్దు చేయాల్సి వచ్చింది. ఆ ప్రయత్నానికి ఆమెకు ఆ ఏడాది రైట్ లైవ్లీహుడ్ పురస్కారం దక్కింది.

పౌర వివాహం

లెబనాన్‌లో మతపెద్దల ప్రమేయం లేని పెళ్లికి ప్రత్యేక చట్టం లేదు. భారతదేశంలో 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద రిజిస్ట్రార్ ఎదుట పెళ్లి చేసుకునే అవకాశం తెలుగు పాఠకులకు పరిచితమే. అలాంటి ఐచ్ఛిక చట్టాన్ని అధ్యక్షుడు ఇల్యాస్ హ్రావీ 1998లో ప్రతిపాదించారు. మంత్రివర్గంలో ఎక్కువమంది ఒప్పుకున్నారు. ముస్లిం, క్రైస్తవ మతపెద్దలు కలిసికట్టుగా వ్యతిరేకించారు, ప్రధాని రఫీక్ హరీరీ బిల్లును పార్లమెంటుకు పంపే కాగితంపై సంతకం పెట్టలేదు. ఒకరిపై ఒకరు తుపాకులు ఎక్కుపెట్టిన వర్గాల పెద్దలు యుద్ధం ముగిసి పదేళ్లు కాకముందే ఏకమైన విషయాల్లో ఇది ఒకటి కావడం గమనించదగ్గది.

ఫలితంగా జంటలు సముద్రం దాటి సైప్రస్‌కు వెళ్లి పెళ్లి చేసుకుని వస్తారు. ఆ పెళ్లిని లెబనాన్ గుర్తిస్తుంది. తర్వాత తగాదా వస్తే సాధారణంగా లెబనాన్ పౌర న్యాయమూర్తి ఆ జంటకు సైప్రస్ చట్టాన్ని వర్తింపజేస్తారు. అంటే విదేశీ పౌర చట్టాలను అమలుచేసే యంత్రాంగం ఉంది, లేనిది సొంత చట్టమే. 2009లో అంతర్గత వ్యవహారాల మంత్రి జియాద్ బారూద్ పౌర రిజిస్టరులో తమ మతవర్గాన్ని తొలగించుకునే వీలు కల్పించారు. దాన్నీ, 1936 ఉత్తర్వులో మతవర్గం లేనివారికి ఉన్న అవకాశాన్నీ కలిపి ఖులూద్ సుక్కరియా, నిదాల్ దర్వీష్ దేశంలోనే పౌర వివాహం చేసుకున్నారు. 2013లో అది నమోదైంది. తర్వాతి సంవత్సరాల్లో వచ్చిన ఇలాంటి దరఖాస్తులకు అధికారులు అడ్డుపడుతూ వచ్చారు.

శిక్షాస్మృతి సవరణలు

స్త్రీవాద సంఘాలు సాధించిన చట్టపరమైన విజయాల్లో అత్యధికం శిక్షాస్మృతికి సంబంధించినవి. అది ప్రభుత్వ చట్టం, మతవర్గాల ఆస్తి కాదు. 'పరువు' పేరుతో బంధువైన స్త్రీని చంపినవాడికి శిక్ష తగ్గించే 562వ అధికరణను 2011లో రద్దు చేశారు. అత్యాచారం చేసినవాడు బాధితురాలిని పెళ్లాడితే శిక్ష నుంచి మినహాయించే 522వ అధికరణ 2017 ఆగస్టులో పోయింది. దీని కోసం అబాద్ అనే సంస్థ నడిపిన ప్రచారం జనం మనసులో నాటుకుంది. బేరూత్ సముద్రతీర విహారమార్గం వెంట ఈతచెట్ల మధ్య తీగలు కట్టి, చిరిగిన తెల్లటి పెళ్లి గౌన్లను ఉరితాళ్లకు వేలాడదీశారు. సాయంత్రం షికారుకు వచ్చినవాళ్లు ఆ గౌన్ల పక్క నుంచే నడిచి వెళ్లాలి. అత్యాచారాన్ని తెల్లని దుస్తులు కప్పలేవన్నది ప్రచార సారాంశం. మైనర్ బాలికల విషయంలో ఇలాంటి మినహాయింపుకు దారి ఇచ్చే 505, 518 అధికరణలు మాత్రం అప్పుడు పూర్తిగా పోలేదు.

గృహహింస: 293వ చట్టం

పైన చెప్పిన సరిహద్దు, అంటే ప్రభుత్వ చట్టం ఎక్కడ ఆగుతుంది, మతవర్గ చట్టం ఎక్కడ మొదలవుతుందన్న గీత, 293వ చట్టం చరిత్రలో స్పష్టంగా కనిపిస్తుంది. అరబ్బీలో 'చాలు' అని అర్థమొచ్చే కఫా సంస్థ 2005లో ఏర్పడింది. న్యాయవాదులు, ఇతర సంఘాలతో కలిసి గృహహింస నుంచి స్త్రీలను కాపాడే ముసాయిదాను తయారుచేసింది. 2010లో మంత్రివర్గం దాన్ని ఆమోదించింది. 2011లో సున్నీల అత్యున్నత మతసంస్థ దార్ అల్ ఫత్వా ముస్లిం కుటుంబాన్ని ఇది విచ్ఛిన్నం చేస్తుందంటూ బహిరంగంగా తిరస్కరించింది. షియా మతపెద్దల నుంచీ వ్యతిరేకత వచ్చింది. బిల్లు పార్లమెంటు ఉపసంఘంలో చిక్కుకుంది.

2013–14లో భర్తల చేతుల్లో వరసగా కొందరు స్త్రీలు చనిపోయారు. వారి తల్లులు టీవీ కెమెరాల ముందుకు వచ్చి మాట్లాడారు. ఇంటి గుట్టు బయటపెట్టకూడదన్న కట్టుబాటు అలా తెగింది. 2014 మార్చి 8న వేల మంది బేరూత్ వీధుల్లో నడిచారు. ఏప్రిల్ 1న పార్లమెంటు బిల్లును ఆమోదించింది. అయితే అది కఫా రాసిన బిల్లు కాదు. స్త్రీలకోసం అని ఉన్న పేరులో 'ఇతర కుటుంబ సభ్యులు' చేరారు. భార్యపై అత్యాచారాన్ని నేరంగా గుర్తించే నిబంధన పోయింది. శిక్షాస్మృతిలో అత్యాచారానికి ఇచ్చిన నిర్వచనమే భార్యను మినహాయిస్తుంది, ఆ మినహాయింపు అలాగే మిగిలింది. వ్యక్తిగత చట్టాలతో విభేదం వస్తే ఆ చట్టాలదే పైచేయి అన్న వాక్యం చేరింది. ఆచరణలో ఇది ఇలా పనిచేస్తుంది: హింసించే భర్తను ఇంటి నుంచి దూరంగా ఉంచమని పౌర న్యాయమూర్తి రక్షణ ఉత్తర్వు ఇవ్వగలరు. కానీ సంరక్షణ వయసు దాటిన పిల్లలను తండ్రికే అప్పగించమని మతవర్గ న్యాయస్థానం చెప్పగలదు. బిడ్డలను వదులుకోవాల్సి వస్తుందన్న భయంతో చాలామంది స్త్రీలు ఫిర్యాదు దాకా వెళ్లరు. మతవర్గ న్యాయస్థానాల 447 తీర్పులను పరిశీలించి హ్యూమన్ రైట్స్ వాచ్ 2015లో వెలువరించిన నివేదిక ఈ పరిస్థితిని వివరంగా నమోదు చేసింది.

ఇన్ని లోపాలున్నా న్యాయమూర్తులు కొందరు చట్టాన్ని విశాలంగా అన్వయించి రక్షణ ఉత్తర్వులు ఇచ్చారు. 2020 డిసెంబరులో దాన్ని సవరించారు. అదే నెలలో లైంగిక వేధింపులను నేరంగా పరిగణించే 205వ చట్టమూ వచ్చింది.

పౌరసత్వం, ప్రాతినిధ్యం

1925 నాటి ఉత్తర్వు ప్రకారం లెబనాన్ పౌరసత్వం తండ్రి నుంచి మాత్రమే సంక్రమిస్తుంది. విదేశీయుణ్ని పెళ్లాడిన స్త్రీ కన్న బిడ్డలు తల్లి దేశంలోనే పుట్టి పెరిగినా నివాస అనుమతి కాగితాలతో బతకాలి. దీన్ని మార్చాలని 2000ల తొలి ఏళ్ల నుంచి ప్రచారం సాగుతోంది. దీనికి అడ్డుగా చెప్పే కారణం జనాభా తూకం. పాలస్తీనా, సిరియా శరణార్థుల్లో అత్యధికులు సున్నీలు, వారిని పెళ్లాడిన స్త్రీల పిల్లలకు పౌరసత్వమిస్తే వాటాలు తారుమారవుతాయని వాదిస్తారు. విదేశీ స్త్రీలను పెళ్లాడే మగవాళ్ల విషయంలో ఈ లెక్క ఎవరూ వేయరు. స్త్రీలపై అన్ని రకాల వివక్షను నిర్మూలించే ఐక్యరాజ్యసమితి ఒడంబడికలో లెబనాన్ 1997లో చేరినప్పుడు మినహాయింపు కోరిన అంశాల్లో ముఖ్యమైనవి పౌరసత్వం, కుటుంబ చట్టాలే. చట్టసభలోని 128 స్థానాల్లో 2018లో 6, 2022లో 8 స్త్రీలకు దక్కాయి.

క్వీర్ సంఘాలు: హెలెమ్, మీమ్

1990ల చివర్లో రహస్య మిత్రబృందాలుగా, ఇంటర్నెట్ ముచ్చట్లుగా మొదలైన కదలిక 2004లో హెలెమ్ సంస్థగా రూపుదిద్దుకుంది. ఈ పేరు సంస్థ అరబ్బీ పూర్తి పేరులోని తొలి అక్షరాల కూర్పు, 'కల' అన్న అర్థమూ వస్తుంది. అరబ్ దేశాల్లో బహిరంగంగా పనిచేసిన తొలి క్వీర్ సంస్థల్లో దీనిది ముందువరుస. సంఘాల స్థాపనకు అక్కడ ఇప్పటికీ 1909 నాటి ఒట్టోమన్ చట్టమే ఆధారం. దాని ప్రకారం ప్రభుత్వ అనుమతి అక్కర్లేదు, సమాచారం ఇస్తే చాలు. హెలెమ్ సమాచారం ఇచ్చింది. ప్రభుత్వం ఇవ్వాల్సిన రసీదు రాలేదు. నిషేధమూ లేదు, గుర్తింపూ లేదు.

2006 జూలై, ఆగస్టు నెలల్లో ఇజ్రాయెల్‌కు, షియా సాయుధ పార్టీ హిజ్బొల్లాకు మధ్య యుద్ధం జరిగినప్పుడు దక్షిణాది నుంచి, బేరూత్ శివార్ల నుంచి లక్షల మంది నిరాశ్రయులయ్యారు. సనాయె ప్రాంతంలో జికో హౌస్ అనే పాత భవనంలో ఉన్న హెలెమ్ కార్యాలయం సహాయక కేంద్రంగా మారింది. ఎక్కువగా షియాలైన శరణార్థి కుటుంబాలకు దుప్పట్లు, మందులు, ఆహారం అక్కడి నుంచి వెళ్లాయి. సంఘాన్ని చూసే చూపు ఇరుగుపొరుగులో కొంత మారిందని సభ్యులు తర్వాత చెప్పుకున్నారు.

హెలెమ్‌లో మగవాళ్ల గొంతే ఎక్కువగా వినిపిస్తోందని భావించిన స్త్రీలు, ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు 2007లో మీమ్ అన్న బృందాన్ని పెట్టుకున్నారు. దాని పద్ధతి పూర్తిగా వేరు. పేర్లు బయటపెట్టరు, టీవీలో కనిపించరు, చేరాలంటే ఉన్న సభ్యుల ద్వారానే రావాలి. సభ్యులకు ఒక ఇల్లు, సలహాదారులు, చదువుకునే బృందాలు ఉండేవి. ఇంట్లోనే ఉండాల్సిన, పెళ్లి ఒత్తిడి తప్పని ఆడపిల్లకు బహిరంగంగా ప్రకటించుకోవడం విముక్తి కాకపోవచ్చు, ప్రమాదం కావచ్చు అన్నది వారి వాదన. 2009లో వారు వెలువరించిన 'బరీద్ ముస్తఅజిల్' పుస్తకంలో వివిధ మతవర్గాలకు, ప్రాంతాలకు చెందిన వారి 41 నిజ జీవిత కథనాలు ఉన్నాయి. 'త్వరిత తపాలా' అని ఆ పేరుకు అర్థం. మీమ్ 2014 ప్రాంతంలో ఆగిపోయింది. దాని నుంచి వచ్చినవారు నసవియా అనే స్త్రీవాద సమూహంలోనూ, తర్వాతి పరిశోధన, ఆరోగ్య సంస్థల్లోనూ పనిచేశారు. లెబనాన్‌లో క్వీర్ ఉద్యమం, స్త్రీవాద ఉద్యమం నిజంగా కలిసిన చోటు వెతకాలంటే వేదికల మీద కాదు, ఈ స్త్రీల దగ్గర వెతకాలి.

534వ అధికరణ, న్యాయస్థానాలు

1943 నాటి శిక్షాస్మృతిలోని 534వ అధికరణ 'ప్రకృతి విరుద్ధమైన' లైంగిక సంపర్కానికి ఏడాది వరకు జైలు శిక్ష విధిస్తుంది. భారత శిక్షాస్మృతిలో ఒకప్పుడు ఉన్న 377వ సెక్షన్‌ను ఇది పోలివుంటుంది. ఒక తేడా ఉంది: బ్రిటన్ తన దేశంలో ఉన్న నేరాన్నే భారతదేశానికి తెచ్చింది, లెబనాన్‌ను పాలించిన ఫ్రాన్స్‌లో మాత్రం 1791లోనే ఆ నేరాన్ని తొలగించారు.

పార్లమెంటు ఈ అధికరణ జోలికి పోలేదు. న్యాయమూర్తులు ఒకరి తర్వాత ఒకరు దాని అర్థాన్ని కుదించారు. 2009లో బత్రూన్‌లో న్యాయమూర్తి మునీర్ సులైమాన్ మనిషి ప్రకృతిలో భాగమేననీ, 'ప్రకృతి విరుద్ధం' అన్న దానికి స్థిరమైన నిర్వచనం లేదనీ అంటూ కేసు కొట్టేశారు. 2014లో జుదైదాలో న్యాయమూర్తి నాజీ దహ్దాహ్ ఒక ట్రాన్స్ మహిళను నిర్దోషిగా వదిలారు. ఒక ట్రాన్స్ పురుషుడు రిజిస్టరులో లింగం మార్చుకోవడానికి బేరూత్ అప్పీలు కోర్టు 2015లో ఒప్పుకుంది. 2018 జూలైలో మౌంట్ లెబనాన్ అప్పీలు కోర్టు, పరస్పర అంగీకారంతో జరిగే స్వలింగ సంపర్కం నేరం కాదని తీర్పు ఇచ్చింది. అక్కడ పై కోర్టు తీర్పు కింది కోర్టులన్నింటినీ కట్టిపడేయదు కాబట్టి అరెస్టులు ఆగలేదు.

పోలీసు నిర్బంధంలో మలద్వార పరీక్షలు చేయడం మరో సమస్య. 2012 జూలై చివర్లో బేరూత్ శివార్లలోని ఒక సినిమా హాలుపై దాడి చేసి 36 మందిని పట్టుకుని ఈ పరీక్షలు చేయించారు. వాటిని 'సిగ్గుమాలిన పరీక్షలు' అని పిలుస్తూ సంఘాలు ఆందోళన చేశాయి. శాస్త్రీయంగా వాటికి విలువ లేదనీ, చేసే వైద్యులపై చర్య తీసుకుంటామనీ వైద్యుల మండలి ఆగస్టులో ప్రకటించింది. స్వలింగ ప్రేమ మానసిక రుగ్మత కాదని, దానికి చికిత్స అవసరం లేదని లెబనాన్ సైకియాట్రిక్ సొసైటీ 2013లో చెప్పింది. వృత్తి సంఘాల ద్వారా మార్పు తెచ్చే ఈ దారి పార్లమెంటు దారి కన్నా ఎక్కువ ఫలించింది.

2019 తిరుగుబాటు

2019 అక్టోబరు 17న ఆర్థిక పతనం, కొత్త పన్నులపై ఆగ్రహంతో దేశమంతా వీధిలోకి వచ్చింది. తొలి రాత్రే ఒక యువతి మంత్రి అంగరక్షకుణ్ని తన్నిన దృశ్యం తిరుగుబాటుకు గుర్తుగా మారింది. స్త్రీలు గొలుసు కట్టి పోలీసులకు, యువకులకు మధ్య నిలబడ్డారు. నినాదాల్లోని బూతులు తల్లులను, అక్కచెల్లెళ్లను కించపరుస్తున్నాయని చెప్పి స్త్రీవాదులు వాటికి కొత్త పాదాలు కట్టారు. క్వీర్ కార్యకర్తలు విడిగా కాక, అందరితో కలిసి తమ హక్కుల మాటలను గోడల మీద రాశారు.

నవంబరు చివరి వారంలో ఐన్ ఎల్ రమ్మానె, షియ్యాహ్ అనే పక్కపక్క పేటల కుర్రాళ్ల మధ్య రాళ్ల గొడవ జరిగింది. మొదటిది క్రైస్తవుల పేట, రెండోది షియాలది. 1975 ఏప్రిల్ 13న బస్సుపై జరిగిన దాడితో అంతర్యుద్ధం రాజుకున్నది ఐన్ ఎల్ రమ్మానెలోనే. మర్నాడు రెండు పేటల తల్లులు తెల్ల జెండాలు, తెల్ల పూలతో బయల్దేరి ఆ సరిహద్దు వీధిలో కలుసుకుని కౌగిలించుకున్నారు. బాల్కనీల నుంచి వాళ్లపై బియ్యం చల్లారు.

ఎదురుదాడి

2017లో తొలిసారి బేరూత్ ప్రైడ్ అనే క్వీర్ ఉత్సవం జరిగింది. 2018లో నిర్వాహకుణ్ని పోలీసులు నిర్బంధించి, కార్యక్రమాలు రద్దు చేయించారు. 2019లో క్వీర్ గాయకుడున్న మష్రూ లైలా సంగీత బృందం బిబ్లోస్‌లో చేయాల్సిన కచేరీ క్రైస్తవ మతపెద్దల అభ్యంతరాలు, బెదిరింపుల వల్ల ఆగిపోయింది. 2020 ఆగస్టు 4న రేవులో జరిగిన పేలుడు 200 మందికి పైగా ప్రాణాలు తీసింది. క్వీర్ యువత కాస్త స్వేచ్ఛగా తిరిగే మార్ మిఖాయెల్, జెమ్మైజె వీధులు తీవ్రంగా దెబ్బతిన్నాయి.

2022 జూన్‌లో అంతర్గత వ్యవహారాల మంత్రి 'లైంగిక వికృతిని ప్రోత్సహించే' సమావేశాలను నిషేధించారు. రాజ్యమండలి అనే పరిపాలనా న్యాయస్థానం నవంబరులో ఆ ఉత్తర్వును నిలిపివేసింది. ఆ నెలలోనే మంత్రి మరో ఉత్తర్వు ఇచ్చారు. 2023లో హిజ్బొల్లా అధినేత హసన్ నస్రల్లా స్వలింగ ప్రియులకు వ్యతిరేకంగా వరసగా ప్రసంగించారు. ఆగస్టులో 'జునూద్ ఎల్ రబ్' అనే క్రైస్తవ బృందం మార్ మిఖాయెల్‌లోని ఒక బార్‌పై దాడి చేసింది. 534వ అధికరణను రద్దు చేయాలని 9 మంది సభ్యులు ప్రతిపాదించిన కొన్ని వారాల్లోనే శిక్షలు పెంచే ప్రతిపాదనలు వచ్చాయి. సెప్టెంబరు 30న స్వేచ్ఛల కోసం సాగిన ఊరేగింపుపై మోటారుసైకిళ్ల మీద వచ్చిన మూకలు దాడి చేశాయి. సున్నీ మంత్రి, షియా నాయకుడు, క్రైస్తవ యువకులు వేర్వేరు దారుల్లో వచ్చి ఒకే గురిపై కలిశారు. 1998లో పౌర వివాహాన్ని అడ్డుకున్న ఐక్యత ఇక్కడ మళ్లీ కనిపిస్తుంది.

ఉద్యమాల లోపలి వాదాలు

కొలంబియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు జోసెఫ్ మసద్ 2002లో ఒక వ్యాసంలో, తర్వాత పుస్తకంలో, పాశ్చాత్య స్వలింగ హక్కుల సంస్థలు తమ వర్గీకరణలను అరబ్ సమాజాలపై రుద్దుతున్నాయని విమర్శించారు. తమ పోరాటం స్థానిక పోలీసుల మీద, స్థానిక చట్టం మీద, యుద్ధాల మీద అని బేరూత్ కార్యకర్తలు బదులిచ్చారు. విదేశీ నిధులతో నడిచే సంస్థలు ఉద్యమాన్ని ప్రాజెక్టులుగా మార్చేస్తున్నాయన్న విమర్శ లోపలి నుంచే వచ్చింది. స్వేచ్ఛానగరంగా బేరూత్‌కు పర్యాటక పత్రికలు కట్టిన పేరు డబ్బున్న మగవాళ్లకే వర్తిస్తుందనీ, సిరియా శరణార్థులకు, పేద ట్రాన్స్ మహిళలకు చెక్‌పోస్టులే నిజమనీ పరిశోధకులు చూపించారు.

స్త్రీవాదానికి ఎదురైన మరో ప్రశ్న ఇంటి పనివారిది. ఆసియా, ఆఫ్రికాల నుంచి వచ్చిన ఈ స్త్రీలను 1946 నాటి కార్మిక చట్టం మినహాయించింది. వారు యజమాని పూచీపై ఉండే కఫాలా పద్ధతి కింద బతుకుతారు. కోనసీమ నుంచి, కడప ప్రాంతం నుంచి కువైట్ ఇళ్లలో పనికి వెళ్లిన స్త్రీల కుటుంబాలకు ఈ పద్ధతి సంగతి చెప్పనక్కర్లేదు. 2015లో ఇంటి పనివారు బేరూత్‌లో సొంత సంఘం పెట్టుకున్నారు. కార్మిక మంత్రిత్వ శాఖ దాన్ని గుర్తించలేదు. లెబనాన్ స్త్రీ బయటికి వెళ్లి ఉద్యోగం చేయడానికి, ఉద్యమం చేయడానికి వీలిచ్చేది ఇంట్లో మరో స్త్రీ చేసే చాకిరీ అయినప్పుడు, ఆ రెండో స్త్రీ హక్కులు స్త్రీవాదంలో భాగమా కాదా అన్న చర్చ మార్చి 8 ఊరేగింపుల్లో బహిరంగంగానే సాగింది.

పోలిక: ఉత్తర ఐర్లాండ్, బోస్నియా

యుద్ధానంతరం అధికారాన్ని వర్గాల వారీగా పంచుకున్న ఇతర సమాజాలతో పోలిస్తే లెబనాన్ ప్రత్యేకత తేలుతుంది. ఉత్తర ఐర్లాండ్‌లో ప్రొటెస్టెంట్, కాథలిక్ స్త్రీలు కలిసి 1996లో విమెన్స్ కోయలిషన్ పార్టీ పెట్టి శాంతి చర్చల్లో కూర్చున్నారు. అక్కడ స్వలింగ సంపర్కం 1982లో నేరం కాకుండా పోయింది, దానికి కారణం స్ట్రాస్‌బర్గ్‌లోని యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం 1981లో ఇచ్చిన తీర్పు. 2015లో స్వలింగ వివాహానికి స్థానిక సభలో ఒక్క ఓటు ఆధిక్యం దక్కినా, వర్గాల రక్షణకు పెట్టిన వీటో నిబంధనతో అడ్డుకున్నారు. చివరికి ఆ సభ పనిచేయని కాలంలో లండన్ పార్లమెంటు చేసిన చట్టం వల్లే 2019లో గర్భస్రావం నేరాల జాబితా నుంచి పోయింది, 2020 జనవరిలో స్వలింగ వివాహం చట్టబద్ధమైంది. బోస్నియాలో 2008 నాటి సారయేవో క్వీర్ ఉత్సవం తొలిరోజే దాడికి గురైంది. అదే నగరంలో తొలి ప్రైడ్ ఊరేగింపు 2019 సెప్టెంబరు 8న గట్టి పోలీసు కాపలా మధ్య జరిగింది. స్ట్రాస్‌బర్గ్ న్యాయస్థానం అధికార పరిధి ఆ దేశానికీ వర్తిస్తుంది.

లెబనాన్‌కు పైన లండన్ లేదు, స్ట్రాస్‌బర్గ్ లేదు. అక్కడ మతవర్గాల ఒప్పందాన్ని దాటి వెళ్లే దారులుగా ఇప్పటివరకు మిగిలినవి విడివిడి న్యాయమూర్తుల తీర్పులు, వైద్యుల మండలి లాంటి వృత్తి సంఘాల ప్రకటనలు, పెళ్లి కోసం సైప్రస్‌కు సాగే ప్రయాణాలు.